యమభటుడికి మంట తగలదా?

నరకంలో కొరడా పట్టుకుని నిలబడ్డ యమభటుడు కూడా నరకంలోనే ఉన్నాడు కదా, మరి అక్కడి మంట వాణ్ణెందుకు కాల్చదు? సుమారు పదహారు వందల ఏళ్ళ కిందట వసుబంధుడనే బౌద్ధాచార్యుడు ‘వింశతిక’ అనే చిన్న గ్రంథంలో ఈ ప్రశ్న లేవనెత్తాడు. ఎర్రగా కాలిన ఇనుపనేల మీద నిలబడి తానే మాడిపోతున్నవాడు ఇంకొకణ్ణి ఏం హింసిస్తాడు? మాడటం లేదంటే వాడు నరకంలో పుట్టినవాడే కాదు. నరకంలో పుట్టనివాడికి అక్కడ పనేమిటి? ఇలా ఒక్కో దారీ మూసుకుంటూ వచ్చి ఆచార్యుడు తేల్చింది ఇది: భటులనే ప్రాణులు విడిగా లేరు. అక్కడ పడ్డవాళ్ళ కర్మ పండి, వాళ్ళ చిత్తంలోనే భటుడిగా రూపు కడుతుంది.

నేను విజయవాడలో డిగ్రీ పిల్లలకు తత్త్వశాస్త్రం చెబుతాను. ఈ వాదం సిలబస్‌లో లేకపోయినా వసుబంధుడి బౌద్ధశాఖ అయిన యోగాచారం దగ్గరికి వచ్చినప్పుడల్లా చెప్పకుండా ఉండలేను. పాఠంగా అది నాకు ఎప్పటినుంచో తెలుసు. దాని బరువు తెలిసింది మాత్రం ఒక జపాను వీడియో గేమ్ ఆడినప్పుడే. దాని పేరు ‘సైలెంట్ హిల్ 2’.

2001లో కొనామి సంస్థ ప్లేస్టేషన్ 2 కోసం ఆ గేమ్‌ను విడుదల చేసింది. తయారుచేసింది ఆ సంస్థలోనే ఉన్న ‘టీమ్ సైలెంట్’ బృందం. దర్శకుడు మసాషి త్సుబోయామా, కథనం రాసింది హిరోయుకి ఒవాకు, సంగీతం అకిరా యమఓకా, వికృత జీవాలకు రూపమిచ్చింది మసాహిరో ఇటో. చేసింది జపాను వాళ్ళే అయినా కథ జరిగేది అమెరికాలో, సరస్సు పక్కన పొగమంచు కమ్మిన ఒక ఊళ్ళో. జేమ్స్ సండర్‌లాండ్ అనే అతనికి భార్య మేరీ దగ్గర్నుంచి ఉత్తరం వస్తుంది, మనకిష్టమైన చోట నీకోసం ఎదురుచూస్తున్నానని. మేరీ జబ్బుచేసి మూడేళ్ళ కిందటే పోయిందని అతని లెక్క. అయినా బయల్దేరతాడు. ఊరినిండా మనిషి ఆకారం చెదిరిపోయిన జీవాలు. వాటన్నిటినీ మించి, తల ఉండాల్సిన చోట పెద్ద ఇనుప పిరమిడ్ ఉన్న ఒకడు, పొడవాటి కత్తిని నేలమీద ఈడ్చుకుంటూ వస్తాడు. ఆడేవాళ్ళందరూ వాణ్ణి పిరమిడ్ హెడ్ అంటారు.

అప్పటి రివ్యూలు ఆ పొగమంచునీ చీకటినీ, యమఓకా కూర్చిన శబ్దాన్నీ బాగా మెచ్చుకున్నాయి. కొట్లాట మొరటుగా ఉందనీ, మాటలు బిగదీసుకుపోయినట్టు వినిపిస్తున్నాయనీ తప్పుపట్టాయి. రివ్యూల మార్కులకు సగటు తీసే మెటాక్రిటిక్‌లో దానికి నూటికి 89 వచ్చాయి. 2012లో పాత గేమ్‌కు మెరుగులు దిద్దామంటూ తెచ్చిన హెచ్‌డీ కలెక్షన్‌ను విమర్శకులు ఏకిపారేశారు. పొగమంచు పలచబడి, అది దాచవలసినవన్నీ బయటపడ్డాయి మరి. 2024 అక్టోబరులో పోలండుకు చెందిన బ్లూబర్ టీమ్ మొత్తం గేమ్‌ను మళ్ళీ నిర్మించింది. వాళ్ళ చేతుల్లో పడి పాడవుతుందని ముందు భయపడ్డ అభిమానులు చాలామంది వచ్చాక ఊపిరి పీల్చుకున్నారు. దానికి 86 మార్కులు పడ్డాయి. కొట్లాట బాగుపడిందన్నారు, ముఖాల్లో బాధ కనిపిస్తోందన్నారు. ఇవన్నీ న్యాయమైన మాటలే.

నా అభ్యంతరం ఇంకోచోట ఉంది. నేను చదివిన రివ్యూల్లో, పాతవైనా కొత్తవైనా, చాలావరకు ఈ కథలోని గుట్టును ‘ట్విస్ట్’ అనేసి ముందుకు వెళ్ళిపోతాయి. ఆ గుట్టు చెప్పకుండా ఈ వ్యాసం ముందుకు సాగదు కాబట్టి, ఆడాలనుకున్నవాళ్ళు ఇక్కడే ఆగి, ఆడాక మిగతాది చదవండి. మేరీ మూడేళ్ళ కిందట చనిపోలేదు. జబ్బుతో ఉన్న ఆమెను జేమ్సే దిండు అదిమి చంపాడు. ఆ సంగతిని తననుంచి తానే దాచుకున్నాడు. లేక్‌వ్యూ హోటల్ 312వ గదిలో ఒక వీడియో టేపు పెట్టుకుని చూసినప్పుడు అది బయటపడుతుంది. సమీక్షకుల దృష్టంతా ఈ టేపు మీదే. టేపు అయిపోయిన తర్వాత ఆ గదిలో జరిగేదాని గురించి రాసినవాళ్ళు తక్కువ. నాకు గేమ్ మొత్తానికీ ప్రాణం అక్కడే ఉంది.

టేపు చూసి కుర్చీలో కూలబడ్డ జేమ్స్ దగ్గరికి లారా అనే పాప వస్తుంది. ఎనిమిదేళ్ళది. ఆసుపత్రిలో ఉండగా మేరీ ఈ పిల్లను కూతురిలా చూసుకుంది. ఇది కూడా మేరీ కోసమే వెతుకుతూ ఆ ఊరికి వచ్చింది. మేరీ ఏదీ అని అడుగుతుంది. జేమ్స్‌కు అబద్ధం చెప్పే వీలుంది. జబ్బుతో పోయిందని చెబితే పిల్ల నమ్ముతుంది, గేమ్ మొదట్నుంచీ అతను అందరికీ చెబుతూ వచ్చింది అదే. ఈసారి మాత్రం, నేనే చంపానని చెబుతాడు. లారా ఓదార్చదు, క్షమించదు. ఏడుస్తూ తిడుతుంది, నిలదీస్తుంది, అక్కణ్ణించి వెళ్ళిపోతుంది.

తర్వాత కాసేపటికి, అదే హోటల్లో, గేమ్ పొడుగునా వెంటబడ్డ పిరమిడ్ హెడ్ ఇద్దరై ఎదురవుతాడు. తాను బలహీనుణ్ణి కాబట్టే తనను శిక్షించేవాడు ఒకడు కావలసివచ్చిందనీ, ఇక అక్కర్లేదనీ జేమ్స్ గ్రహిస్తాడు. కొంతసేపు పోరాటం నడుస్తుంది. ఆ తర్వాత ఆ ఇద్దరూ ఆగిపోయి, తమ బల్లేలతో తామే పొడుచుకుని చస్తారు. ఆ ఘట్టంలో నాకు ఒళ్ళు జలదరించింది. వసుబంధుడు చెప్పిన భటుడు ఇక్కడ కళ్ళెదుటే కరిగిపోయాడు. వాణ్ణి నిలబెట్టిన కర్మ పలుకు రూపంలో బయటికి వచ్చేసింది, ఇక వాడు నిలబడటానికి ఆధారం లేదు.

గేమ్ చేసినవాళ్ళు వసుబంధుణ్ణి చదివారని నేననను. కథకు మూలమైన ఆలోచన తకయోషి సాతోది, ఆయనకు ప్రేరణ దోస్తోయెవ్‌స్కీ ‘నేరము–శిక్ష’. అయితే వసుబంధుడు జపానుకు పరాయివాడు కాడు. ఆయన సిద్ధాంతాన్ని నమ్ముకున్న హొస్సో శాఖ నారా పట్టణంలో ఈనాటికీ ఉంది. ఆ శాఖకు చెందిన కొఫుకుజీ ఆలయంలో వసుబంధుడికీ ఆయన అన్న అసంగుడికీ పదమూడో శతాబ్దం తొలినాళ్ళలో ఉన్కేయి శిల్పశాల చెక్కిన నిలువెత్తు కొయ్యవిగ్రహాలు ఉన్నాయి. సంకల్పం ఉన్నా లేకపోయినా ఆ నేల మీద పుట్టిన కథలో ఆ ఆలోచన వాసన తగలడం నాకు వింతగా లేదు.

‘నేరము–శిక్ష’ చదివినవాళ్ళకు సోన్యా గుర్తుంటుంది. హంతకుడైన రస్కోల్నికోవ్‌తో ఆమె, నాలుగు వీధుల కూడలికి వెళ్ళి నేలకు మొక్కి, నేను చంపానని అందరికీ వినబడేట్టు చెప్పమంటుంది. మన మనుస్మృతి పదకొండో అధ్యాయంలో, పాపం నుంచి విడివడే మార్గాలు చెబుతూ మొట్టమొదట పెట్టింది ఖ్యాపనాన్ని, అంటే చేసినదాన్ని నోరు విప్పి చెప్పుకోవడాన్ని. పశ్చాత్తాపం, తపస్సు, అధ్యయనం దాని తర్వాతే. మనుస్మృతిలో నేను ఒప్పుకోలేనివి ఎన్నో ఉన్నాయి. ఈ వరస మాత్రం సరైనదని నా నమ్మకం. పశ్చాత్తాపం ఒంటరిగా కూడా పడొచ్చు, పడి పడి దానిలోనే ఇల్లు కట్టుకోవచ్చు. జేమ్స్ చేసింది అదే. వెంటాడే భటుణ్ణి సృష్టించుకుని, పరుగెడుతూ, దెబ్బలు తింటూ, శిక్ష పడుతోంది కాబట్టి నేరం గుర్తుచేసుకోనక్కర్లేదన్నట్టు బతికాడు. చెప్పుకోవడానికి మాత్రం ఎదుట ఒక మనిషి కావాలి. అదీ ఆ నష్టంలో వాటా ఉన్న మనిషి కావాలి.

ఇదంతా నేను పుస్తకాల్లోంచే చెప్పడం లేదు. మా అత్తయ్యగారు పక్షవాతం వచ్చి చివరి రోజులన్నీ మంచం మీదే గడిపారు. కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దగా వచ్చేది. జావ ఉగ్గుగిన్నెతో పట్టేదాన్ని, ఒకప్పుడు మా అబ్బాయికి ఆవిడే ఉగ్గు పట్టిన వెండి గిన్నె అది. సగం గుటక పడేది, సగం చెంప మీదుగా మెడలోకి కారేది. ఒక్కోరోజు పెదాలు బిగించేసి, ఎడంచేత్తో గిన్నె తోసేసి, పో ఇక్కణ్ణించి అనేవారు. నేను గుమ్మం దాటగానే “అమ్మాయీ, ఎక్కడికెళ్ళావే” అని పిలుపు. ఆ రెండు మాటల మధ్య నా మనసులో ఏమేం తిరిగేవో మంచాన పడ్డవాళ్ళకు చేసిన ప్రతివాళ్ళకీ తెలుసు. ఇంకెన్నాళ్ళు అనే మాట రోజూ వచ్చేది.

ఆవిడ పోయాక పది రోజులూ సాయంత్రం శాస్త్రులుగారు వరండాలో కూర్చుని గరుడపురాణం చదివారు. చీమూ నెత్తురూ పారే వైతరణి, దాటించే గోదానం, దారి పొడుగునా భటుల దెబ్బలు. వసుబంధుడు కూడా ప్రేతాలకు నది చీముగా కనిపిస్తుందనే ఉదాహరణ ఇస్తాడు. శాస్త్రులుగారు చదువుతున్నంతసేపూ నాకు వైతరణి ఒడ్డున అత్తయ్యగారు కనిపించలేదు, నేను కనిపించాను. ఒకరోజు ఉండబట్టలేక మా ఆడపడుచు దగ్గర కూర్చుని చెప్పేశాను, వదినా, మీ అమ్మ ఎప్పుడు పోతుందా అనుకున్న రోజులున్నాయి అని. ఆవిడ ముఖం తిప్పుకుంది. పెద్దకర్మ అయ్యేదాకా నాతో సరిగా మాట్లాడలేదు. ఆ కోపం నాకు న్యాయంగానే తోచింది. ఆ రాత్రి నుంచి మాత్రం నిద్రపట్టింది.

మా అబ్బాయి ఈ గేమ్ తెచ్చింది ఆ తర్వాతే. కొట్లాటలు వాడు చూసుకునేవాడు, నడక నాది, వెతుకులాట నాది. చివరి యుద్ధానికి ముందు ఒక పొడవైన నడవా వస్తుంది. జేమ్స్ నడుస్తుంటే గతంలోని మాటలు వినిపిస్తాయి. ఆసుపత్రికి పూలు తెచ్చాడు. మేరీ విసుక్కుంటుంది, నా ముఖం చూడు, పూలెందుకు నాకు, వెళ్ళిపో, మళ్ళీ రాకు అంటుంది. అంతలోనే ఏడుస్తూ, వెళ్ళొద్దు, పక్కనుండు, నేను బతుకుతానని చెప్పు అని బతిమాలుతుంది. నేను కంట్రోలర్ కింద పెట్టేశాను. మా అబ్బాయి ఏమీ అడగలేదు. కాసేపయ్యాక వాడే తీసుకుని, నెమ్మదిగా నడిపించాడు.

మరి ఎవరి నరకం వాళ్ళ కర్మే అని ఒప్పేసుకుందామా? ఇక్కడ ఏంజెలా అడ్డుపడుతుంది. ఆ ఊళ్ళో జేమ్స్‌కు ఎదురయ్యే ఈ అమ్మాయిని కన్నతండ్రే చెరిచాడు. ఆమె అతన్ని చంపింది. ఆమె నరకం ఆమె చేసిన కర్మ అని ఏ నోటితో అనగలం? ఎవరో చేసిన పాపం ఈమె చిత్తంలో పండింది. పూర్వజన్మ లెక్క చెప్పి తప్పించుకునే జవాబు నా దగ్గర లేదు, అలా చెప్పేవాళ్ళ మీద నాకు గౌరవమూ లేదు. క్లాసులో ఒక ఆడపిల్ల ఇదే ప్రశ్న అడిగినప్పుడు కూడా ఇంతే చెప్పాను: ఈ చోట వసుబంధుడి వాదం చాలదు.

గేమ్ ఆ ప్రశ్నను పక్కకు నెట్టకుండా ఒక దృశ్యంలో నిలబెట్టింది. ఆ ఊళ్ళో ఎవరికి కనిపించేది వాళ్ళదే. లారాకు అసలు ఏ భూతాలూ కనిపించవు, ఆ వీధుల్లో హాయిగా ఆడుకుంటూ తిరుగుతుంది. హోటల్ మెట్ల మీద మాత్రం ఒక్కసారి, చుట్టూ మంటలు లేచి, జేమ్స్ ఆ వేడికి ఆశ్చర్యపోతాడు. నీకూ కనిపిస్తోందా, నాకెప్పుడూ ఇలాగే ఉంటుంది అన్న అర్థంలో ఏంజెలా ఒక మాట అంటుంది. అంతకుముందే అతన్ని అడుగుతుంది, నన్ను ప్రేమించగలవా, నా బాధంతా పోగొట్టగలవా అని. జేమ్స్ నోరు మెదపడు. ఆమె ఆ మంటల్లోకే మెట్లెక్కి వెళ్ళిపోతుంది. ఒకరి నరకం ఇంకొకరి కంటికి క్షణంపాటు కనిపించింది, అయినా ఏమీ చెయ్యలేకపోయాడు. కొత్త రూపం వచ్చాక ఏంజెలా పాత్ర గురించి రివ్యూలు శ్రద్ధగానే రాశాయి. ఆ శ్రద్ధకు నేను కృతజ్ఞురాలిని.

ఈ గేమ్‌కు ముగింపులు అనేకం. రివ్యూల్లో ఇది గేమ్ సుగుణాల జాబితాలో ఒక ముక్కగా కనిపిస్తుంది. ఏ ముగింపు వస్తుందన్నది గేమ్ ఎలా నిర్ణయిస్తుందో చూస్తే చిత్రగుప్తుడి చిట్టా గుర్తొస్తుంది. పెద్ద ప్రశ్న వేసి జవాబు అడగదు. దెబ్బ తగిలినప్పుడు వెంటనే మందు తాగావా, గాయంతోనే తిరిగావా. మేరీ ఫొటోను, ఉత్తరాన్ని తీసి చూశావా. ఏంజెలా దగ్గర తీసుకున్న కత్తిని పదే పదే పరిశీలించావా. మేరీ పోలికలున్న మరియాను పట్టించుకున్నావా. నడవాలోని ఆ మాటలు చివరిదాకా విన్నావా అన్నది కూడా 2001 గేమ్ లెక్కలోకి తీసుకుంటుంది. ఆడేవాళ్ళకు ఈ లెక్క నడుస్తోందని తెలియదు. మనోవాక్కాయకర్మల్లో గేమ్‌కు అందేది కాయకర్మ ఒక్కటే, దాన్నిబట్టి మనసును ఊహిస్తుంది.

ఆ ఊహ తప్పవచ్చు. నాకు మందు దాచిపెట్టే అలవాటు ఉంది. అత్తయ్యగారి మందుల డబ్బా చూసుకున్న రోజుల్లో, ఆదివారం రాత్రి చివరి మాత్ర అయిపోతే ఏం చెయ్యాలన్న భయం నాలో పాతుకుపోయింది. గేమ్‌లోనూ మందుసీసాలు కూడబెడుతూ జేమ్స్‌ను గాయాలతోనే నడిపించాను. గేమ్ దాన్ని బతకాలన్న కోరిక లేకపోవడంగా రాసుకుంది. మాకు వచ్చింది ‘నీటిలో’ అనే ముగింపు, జేమ్స్ కారుతో సరస్సులోకి వెళ్ళిపోతాడు. చేతను చూసి చిత్తాన్ని తీర్పు చెప్పే ఏ న్యాయాధిపతికైనా, యముడితో సహా, ఈ పొరపాటు తప్పదని నాకు అప్పుడు అనిపించింది. తీర్పు చెప్పేవాడికి మనిషి తానుగా చెప్పుకున్న మాట కూడా కావాలి.

‘నీటిలో’ ముగింపే అసలైనదని విమర్శకుల్లోనూ అభిమానుల్లోనూ గట్టిగా వాదించేవాళ్ళున్నారు. ప్రాణానికి ప్రాణం చెల్లిపోయిందని వాళ్ళ భావం. మరణాంత ప్రాయశ్చిత్తాలు మన ధర్మశాస్త్రాల్లోనూ ఉన్నాయి. నేను దాన్ని ఒప్పుకోను. 312వ గదిలో నిజం విన్న ఎనిమిదేళ్ళ పిల్ల ఆ ఊళ్ళోనే ఉంది. నిజం చెప్పి, విన్నదాన్ని ఒంటరిగా వదిలేసి చచ్చిపోవడం ప్రాయశ్చిత్తం ఎలా అవుతుంది? ఇంకో ముగింపులో జేమ్స్ లారాతో కలిసి ఊరు దాటి వెళ్ళిపోతాడు. మేరీ చివరి ఉత్తరం కూడా అతన్ని బతకమనే అడుగుతుంది. కొత్త రూపంలో అక్కడక్కడా దాచిన 26 ఫొటోల చిక్కు విప్పితే, నువ్వు ఇక్కడ రెండు దశాబ్దాలుగా ఉన్నావని వస్తుంది. ఆటగాళ్ళు దాన్ని తెలివైన రహస్యంగా పండగ చేసుకున్నారు. నేను సంసారచక్రంగా చదివాను. చెప్పుకున్న తర్వాత బతికి చూపించనంత కాలం మళ్ళీ అదే రోడ్డు పక్కన, అదే ఉత్తరం పట్టుకుని నిలబడాలి.

భటుణ్ణి పాపి నుంచి వేరు చేస్తే ఏమవుతుందో కూడా ఈ ఇరవయ్యేళ్ళలో చూశాం. పిరమిడ్ హెడ్ ప్రసిద్ధుడైపోయాడు కాబట్టి 2006 సినిమాలో పెట్టారు, 2008లో వచ్చిన ‘హోమ్‌కమింగ్’ గేమ్‌లో పెట్టారు. వాటిలో జేమ్స్ లేడు. వాడి ఇనుప తల ఉంది, కత్తి ఉంది, భయం కలిగించే హక్కు మాత్రం లేదు. వాణ్ణి సృష్టించిన ఇటోయే ఈ వాడకం మీద బాహాటంగా విసుగు వెళ్ళగక్కారు. విమర్శకులు ఈ విషయంలో ఆయన పక్షాన ఇంకా గట్టిగా నిలబడి ఉండాల్సింది.

ఇప్పుడు 2024 రూపం కొత్తవాళ్ళు చాలామంది ఆడుతున్నారు. వాళ్ళలో ఇంట్లో మంచాన పడ్డ మనిషికి చేస్తున్నవాళ్ళు, చేసి ఈమధ్యే పోగొట్టుకున్నవాళ్ళు తప్పకుండా ఉంటారు. వాళ్ళకు నా మనవి ఒకటే. దీన్ని ఒంటరిగా ఆడకండి. అన్నో చెల్లెలో స్నేహితుడో, ఆ మనిషిని ఎరిగినవాళ్ళు ఎవరైనా పక్కన ఉండగా ఆడండి.